సుజెత్ తీసుకోని నాణెం

"ఆ ఎర్ర గుర్తు కనబడటం లేదా? లోపలికి వెళ్ళకూడదని అర్థం!"

పగిలిన ఇంటి గుమ్మంలో నిసిమ్ వెనక్కి తిరిగాడు. హెల్మెట్ కింద రెండు కోపపు కళ్ళు. చేతిలో పెయింట్ డబ్బా.

"మీ చెంప మీద కూడా ఉందండీ. అక్కడా అదే అర్థమా?"

సుజెత్ చెంప తుడుచుకుంది. ఎరుపు కాస్తా ముక్కుకి పాకింది.

టర్కీలోని ఇజ్మీర్‌లో భూకంపం వచ్చి మూడు రోజులు. నిసిమ్‌ది మడత టెంట్ల కంపెనీ. ఒకటి అమ్మితే ఒకటి ఊరికే ఇవ్వడం అతని పద్ధతి. ఈ మూడు రోజుల్లో అమ్మడం సంగతే మరిచిపోయాడు. సుజెత్ ఇంజనీరు. పగుళ్ళిచ్చిన ఇళ్ళకి గుర్తులు వేస్తోంది.

"లోపల ఎవరూ లేరు. నిన్న ప్రతి గదీ నేనే చూశాను."

"వినండి."

పొద్దుటి నుంచి పడుతున్న చినుకులు ఆగాయి. మూడో అంతస్తు నుంచి టింగ్, టింగ్, టింగ్. టీ గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు.

సుజెత్ ముఖం పాలిపోయింది. "రెస్క్యూ వాళ్ళు రావడానికి గంట పడుతుంది. ఈ గోడ అరగంట కూడా ఆగదు."

"అందుకే వెళ్తున్నాను."

అరిచింది. తిట్టింది. చివరికి జేబులోంచి ఒక లీరా నాణెం తీసి అతని చేతిలో కుక్కింది.

"మా నోనా, అదే మా అమ్మమ్మ, ఎవరు ప్రయాణమైనా ఇలా ఇచ్చి పంపేది. వెళ్ళినచోట పేదవాళ్ళకి ఇవ్వాలి. దానం మోసుకెళ్ళేవాడికి ఆపద రాదు."

"మా అమ్మమ్మా అంతే. ఇచ్చేశాక?"

"మామూలు మనిషే. కాబట్టి బయటికొచ్చాకే ఇచ్చి చావండి!"

మూడో అంతస్తులో తలుపు తీసే ఉంది. తెరలు వేసిన గదిలో ఒక ముసలావిడ టీ కలుపుతోంది. గ్లాసులోంచి పొగలు. ఆ వీధిలో మూడు రోజులుగా గ్యాస్ లేదు.

"మామ్మగారూ, లేవండి. ఎత్తుకెళ్తాను."

"ముందు ఏదైనా ధర్మం చెయ్యి నాయనా."

చెయ్యి చాపింది. నిసిమ్ జేబులో ఉన్నది ఆ లీరా ఒక్కటే. చాపిన చేతిని అతను ఏనాడూ ఖాళీగా పంపలేదు.

ఇచ్చేశాడు.

నెత్తిమీద దూలం పటపటమంది.

ముసలావిడ నవ్వింది. "ఉత్త చేతులతో ఎలా వెళ్తావు? ఇది కింద ఉన్న ఆ ఎర్రముక్కు పిల్లకివ్వు. దారిలో ఆగకు." మంచుముక్కలాంటిదేదో అతని గుప్పిట్లో పెట్టింది.

తెరలు వేసి ఉండగా ఆ ముక్కు ఈవిడకెలా కనిపించింది?

తలెత్తేసరికి కుర్చీ ఖాళీ. దాని మీద మూడు రోజుల దుమ్ము, చెక్కుచెదరకుండా.

నిసిమ్ పరుగు తీశాడు. అతను వదిలిన ప్రతి మెట్టూ వెనకే కూలింది. వీధిలో పడ్డాడో లేదో ఇల్లు మొత్తం కుప్పకూలింది.

సుజెత్ అతని కాలరు పట్టుకుంది. "పిచ్చాడివా? నీకేమైనా అయితే..."

'మీరు' ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

అతను జరిగింది చెప్పి గుప్పిట విప్పాడు. లీరా కాదు. నల్లబడ్డ పాత వెండి నాణెం. "నీకిమ్మంది."

సుజెత్ చెయ్యి ముందుకొచ్చింది. ఆగింది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"తీసుకోను."

"ఏం?"

"తీసుకుంటే నువ్వు మోసుకొచ్చిన పని అయిపోతుంది. రేపు ఇంకో కూలే ఇంట్లో దూరతావు. అప్పుడు నీకేది రక్ష?"

"అయితే రోజూ వచ్చి ఇస్తాను."

"రోజూ వద్దంటాను."

"ఎన్నాళ్ళు?"

"మనిద్దరికీ పళ్ళు ఊడేదాకా."

గుప్పిట్లో నాణెం వెచ్చబడింది.

శిథిలాల అడుగు నుంచి మళ్ళీ టింగ్, టింగ్, టింగ్.

సుజెత్ ఆ గుప్పిటని రెండు చేతులతో మూసి పట్టుకుంది. ఆ చెంచా తిప్పేది బతికున్న మనిషి కాదని తెలిసి, ఈసారి ఇద్దరూ వెనక్కి తిరగలేదు.