ఏడు రోజుల కంపు

ముక్కత్త అసలు పేరుతో వీధిలో ఎవరికీ పనిలేదు. పక్కింట్లో పాలు విరిగితే ఈవిడ తన వంటింట్లోంచే చెప్పేసేది. అందుకే జిగురు ఫ్యాక్టరీ మీద ఫిర్యాదు పెట్టాలనుకున్నప్పుడు, వాసనల పుస్తకం రాసే పని ఆవిడకే అంటగట్టారు. ఆవిడా మురిసిపోయింది లెండి, అబద్ధమెందుకు!

కాలుష్యం ఆఫీసువాళ్ళదో పద్ధతి. ఏడు రోజులు వరసగా, ఒకే రకం కంపు, టైముతో సహా రాసిస్తేనే అధికారి వస్తాడు. ఒక్కరోజు తప్పినా మళ్ళీ మొదటికే. రెండుసార్లు ఆరో రోజున గాలి మళ్ళి అంతా బూడిదపాలైంది. ఇంటింటా పిల్లలు దగ్గుతున్నారు.

"ఈసారైనా ఒడ్డున పడెయ్యవే తల్లీ," అన్నారు అందరూ.

మూడోసారి మొదలుపెట్టిన రోజు, సాయంత్రం నాలుగింటికి కిటికీ తెరిచింది. గాలి అటుకేసి, ఫ్యాక్టరీ వైపే వీస్తోంది. బయట ఏ కంపూ లేదు. ఉస్సూరుమంటూ వెనక్కి తిరిగేసరికి... మెట్ల దగ్గర్నుంచి వచ్చింది. కింది వాటాలోంచి. జిగురు కంపు కాదు. కాస్త తియ్యగా, ముక్కులో దూరి నాలిక మీద కూర్చునే వాసన.

కింది వాటాలో రిటైరైన నర్సమ్మ ఒక్కతే ఉంటుంది. ఏమైందో కనుక్కుందామని ముక్కత్త రెండు మెట్లు దిగింది. ఆగిపోయింది. తలుపు తడితే సంగతి తెలుస్తుంది. తెలిశాక ఆ కంపుని ఫ్యాక్టరీ మీద రాయడానికి చెయ్యి రాదు. పైకొచ్చి, "జిగురు కంపు, బాగా ఘాటు" అని రాసేసింది. ఎలకేదో చచ్చుంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

ఆరు రోజులూ నాలుగింటికి అదే వాసన. ఆరు రోజులూ అదే రాత. ఏడో రోజు నిజంగానే ఫ్యాక్టరీ కంపు కొట్టింది. అధికారి వచ్చాడు, ముక్కు మూసుకున్నాడు, ఫ్యాక్టరీకి తాళం వేయించాడు. వీధంతా ముక్కత్తని ఆకాశానికెత్తేస్తుంటే, పొద్దున్నుంచీ పాల ప్యాకెట్టు గుమ్మంలోనే పడుందని ఎవరో నర్సమ్మ తలుపు పగలగొట్టారు.

మంచం మీదే ఉంది. ప్రాణం లేదు.

ముక్కత్త చూడ్డానికి కూడా దిగలేదు. ఎప్పుడు పోయిందని ఎవర్నీ అడగలేదు. అడగడమెందుకు, ఆ రోజులన్నీ తన పుస్తకంలోనే ఉన్నాయిగా! ఆరు రోజులు శవం కంపుని జిగురని రాశానే పాపిష్టిదాన్ని, అని లోపల్లోపల కుమిలిపోయింది. నెల తిరిగేసరికి సగమైపోయింది.

ఒక సాయంత్రం నర్సమ్మ కూతురు వచ్చింది, వాటా ఖాళీ చెయ్యడానికి. సంచీ నిండా పళ్ళు తెచ్చింది. వాటిని చూసి ముక్కత్తకి ఏడుపాగలేదు. ఇంక దాచకూడదనుకుంది.

"నీకో మాట చెప్పాలమ్మా. ఆ ఆరు రోజులూ నేను..."

"ఆ మాటకే వచ్చానత్తా." కూతురు ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "అమ్మ రోజూ నాలుగింటికి ఫోన్ చేసేది. జ్వరం తగ్గట్లేదే, అయినా పైవాటా అమ్మాయి వచ్చిందిలే, కంగారుపడకు అనేది. మీరున్నారన్న ధైర్యంతోనే నేను బయల్దేరలేదు."

ముక్కత్త తల పైకెత్తింది.

"అమ్మ... పోయింది ఎప్పుడు?"

"ఆరో రోజు రాత్రి. డాక్టరు చెప్పాడుగా."

బతికే ఉంది. ఆరు రోజులూ బతికే ఉంది. తలుపు తట్టుంటే దక్కేది. మరి ఆ వాసన...?

ముక్కత్త ఉన్నమాట చెప్పేసింది. "నన్ను క్షమించు తల్లీ. నేను కిందికి రాలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా..."

కూతురు నవ్వబోయి ఆగింది. "అదేంటత్తా? గుమ్మంలో నిలబడేవారటగా. కూర్చోమంటే కూర్చోదు, పలకరిస్తే పలకదు, పాపం నా కోసమే నిలబడుతోందే అనేది అమ్మ."

మెట్ల దగ్గర్నుంచి మళ్ళీ అదే తియ్యటి వాసన వచ్చింది. కింద ఏ చప్పుడూ లేదు.

"అత్తా..." కూతురి గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "ఇందాక నేను మెట్లెక్కుతుంటే కింది గుమ్మంలో నిలబడి ఉన్నారు. పలకరించాను. మీరు పలకలేదు..."

ఆమె మెల్లగా ముక్కత్త చేతులు వదిలేసింది.

"నాకంటే ముందు పైకెలా వచ్చారు?"