ముసురులో మల్బరీ ఆకులు

“ఓ మేడం! గోడెక్కి ఏం జేస్తున్నరు?”

అశోక్‌నగర్‌లోని కిరాయి గది కిటికీలోంచి కరుణాకర్ అరిచాడు. గ్రూప్స్‌కు చదువుతున్నాడతను. పెరటి గోడ మీద కూర్చున్న అమ్మాయి ఏమాత్రం తడబడకుండా మల్బరీ ఆకులు తెంపుతూనే ఉంది.

“కనిపిస్తలేదా? దొంగతనం.”

“మేకలున్నయా?”

“పట్టుపురుగులున్నయి. నారాయణగూడల కాలేజీ ల్యాబ్‌ల రీసెర్చ్ చేస్తున్న. వాటి పట్టుగ్రంథి కణాలు చీలవు. పురుగు పెరిగినకొద్దీ లోపల డీఎన్ఏ మాత్రం డబుల్, మళ్ల డబుల్ అయితది. ఏ దశల ఎంతుందో కొలుస్తున్న.”

“మా రూమ్ గూడ గంతే. గది ఒక్కటే, మనుషులే డబుల్ అయితున్నరు.”

ఆమె పకపకా నవ్వింది. పేరు ఉదయశ్రీ, ఇల్లు చిక్కడపల్లి. మర్నాటి నుంచి కరుణాకరే ఆకులు తెంపి ల్యాబ్‌కు మోయసాగాడు. రాజ్యాంగం చదవాల్సిన కళ్లు ఆమె జడను చదువుతున్నాయని రూమ్మేట్ ఉమాకాంత్ ఒకటే గోల.

పురుగులు ఆఖరి దశకు వచ్చేసరికి ముసురు పట్టింది. ఉదయశ్రీ తడుచుకుంటూ గది ముందుకొచ్చింది.

“తడి ఆకు తింటే వాటికి రోగమొస్తది. ఇప్పుడు సచ్చిపోతే ఆఖరి కొలత దొరకది. ఇన్ని రోజుల పని మట్టిల కలుస్తది.”

కరుణాకర్ వానలోనే చెట్టెక్కాడు. గదిలో అందరి చేతా ఒక్కో ఆకూ తుడిపించి, ఫ్యాన్ కింద పరిచాడు.

“ఎల్లుండి పరీక్షరా! మనం పురుగులకు సేవ జేస్తున్నం,” అని తిట్టుకుంటూనే ఉమాకాంత్ తన కొత్త లుంగీ కూడా తుడవడానికిచ్చాడు.

పురుగులు బతికాయి, పరీక్షా అయిపోయింది. వారం తిరక్కుండానే ఉదయశ్రీ అతనికి మైక్రోస్కోప్‌లో స్లైడు చూపించింది. పట్టుగ్రంథి కణాల్లో కొమ్మలు కొమ్మలుగా ఊదారంగు మచ్చలు.

“రంగు ఎంత చిక్కగుంటే డీఎన్ఏ అంత ఎక్కువ.”

“గింత ప్రేమగ మేపి కోసిన్రా?”

“సైన్స్.”

“మీతోని జర జాగ్రత్తగుండాలె.”

“కొలతలన్నీ అయిపోయినయి. రేపటి నుంచి ఆకులు తేవద్దు.”

కరుణాకర్ ముఖం వాడిపోయింది. సంచీ మడిచి గుమ్మం దాకా నడిచి, ఆగాడు.

“ఒక్క మాట. ఆకులు పురుగుల కోసం తెచ్చిన. నేను మాత్రం మీ కోసమే వచ్చిన.”

“ఆకులు వద్దన్న. నిన్ను రావద్దన్ననా?” ఆమె నోట ‘మీరు’ జారిపోయింది. “ధైర్యముంటే ఇప్పుడే మా ఇంటికి రా.”

ధైర్యం లేకపోయినా వెళ్లాడు. ఇద్దరికీ ఒకే గొడుగు. పట్టుకున్నవాడే ఎక్కువ తడిశాడు.

తలుపు తీసిన తల్లి దమయంతి, ఉదయశ్రీ నోరు తెరిచేలోపే అంది:

“కరుణాకరే కద? రా బిడ్డా. పొద్దున లేస్తే మా పిల్లకు నీ ముచ్చటనే!”

“అమ్మా!” ఉదయశ్రీ లోపలికి పరుగెత్తింది.

లోపలి నుంచి తండ్రి రాఘవేందర్ కేకేశాడు.

“ముందుగాల తల తుడుచుకోమను! పెండ్లిపిలగానికి జలుబు జేస్తే ఎట్ల?”