నూనె మరకల కార్డులు

మా ఆఫీసు లైబ్రరీ వెనక గదికి సీకటడ్డాక ఎవుడూ ఎల్డు. లోపల సొరుగులు లాగుతున్న సప్పుడు... గౌరీశ్వరమ్మ దెయ్యమనీవోరు. నాను అక్కడ వాచ్‌మన్ని.

ఆవిడ ముప్పైయేళ్ళు ఆ గదిలోనే పని సేసింది. ఏ గెజిట్‌లో ఏటుందో అట్టకార్డుల మీద రాసి సొరుగుల్లో ఎట్టేది. ఎవురేటడిగినా రెండు నిమసాల్లో తీసిచ్చేది.

ఆవిడ రిటైరయ్యాక కొత్తాఫీసరు కార్డులన్నీ సెత్తన్నాడు. బజ్జీల బండికి తూకానికిచ్చీమన్నాడు. మోసింది నానే. మర్నాడు బండోడు రెండు మిరపకాయ బజ్జీలు ఆ కార్డు మీదే ఎట్టిచ్చాడు. నూనెలో ఆవిడ దస్తూరీ... థూ. తర్వాత ఆవిడ పోయిందని కబురు పుట్టింది.

ఎనభై నాలుగులో ఎల్లారావొచ్చాడు. స్టీలు ప్లాంటుకి భూమి పోయినోళ్ళకిచ్చే ఉద్యోగం. వాళ్ళయ్య పేరున్న గెజిట్ తెల్లారి పదింటికల్లా సూపించాలి, లేదంటే ఉద్యోగం పోయినట్టే.

"ఎక్కడుందో ఎవడికి తెలుసయ్యా, వెళ్ళు," అన్నాడు ఆఫీసరు టీ ఊదుకుంటూ.

ఆ రాత్రి ఎల్లారావు కిటికీలోంచి దూరాడు. తర్వాత సంగతి వాడే నాకు సెప్పాడు.

కరెంటు లేదు. బీరువాల నిండా వేల గెజిట్లు. అగ్గిపుల్ల గీసాడు, ఆరిపోయింది. అప్పుడు — వెనకాల సొరుగు కదిలింది.

"ఏటి కావాలి, బాబూ?"

"మా అయ్య పేరు... సూరన్న... భూమి గెజిట్..."

"ఏ ఊరు?"

సెప్పాడు. అడుగులు దూరమయ్యాయి... దగ్గరయ్యాయి. సేతిలో బరువైన పుస్తకం పడింది. ఆ వేళ్ళు జిడ్డుగా ఉన్నాయి, మాడిన నూనె కంపు. పుస్తకంతో సహా వాడు కిటికీ దూకేసాడు.

పదింటికి వాడికి ఉద్యోగం ఖాయమైంది. నాకాడికొచ్చి, దెయ్యమే గెజిటిచ్చిందన్నాడు.

"దెయ్యం కాదు, బావా," అన్నాను. "ఆవిడ బతికే ఉంది. జనం తిని పారేసిన కార్డులు మురుక్కాలవలోంచి ఏరి, తుడిసి, మళ్ళీ సొరుగుల్లో ఎడతంది. తాళంసెవి ఇచ్చింది నానే. ఎవుడూ రాకుండా దెయ్యమన్నదీ నానే."

దెయ్యం గెజిటిచ్చిందన్న మాటే ఆఫీసరు సెవిన పడింది. భూతవైద్యుణ్ణి పిలిపించి గుమ్మానికి నిమ్మకాయలు కట్టించాడు, తాళం మార్పించాడు. ముప్పైయేళ్ళు పని సేసిన మనిషికి కుర్చీ ఎయ్యనోడు దెయ్యానికి మాత్రం ఖర్సెట్టాడు. మూడ్రోజులు సొరుగుల సప్పుడు రాలేదు.

దెయ్యం పోయిందని లడ్డూలు పంచాడు. నా లడ్డూ సొరుగులోంచి తీసిన నూనె మరకల కార్డు మీద ఎట్టిచ్చాడు — ఆవిడ మురుక్కాలవలోంచి ఏరి తుడిసిన కార్డే.