మాట అందించే గొంతు

ఆ గోడౌన్‌లో చీకటి పడ్డాక మనిషన్నవాడు ఉండకూడదని పేరు. ఉంటే, ఒక ఆడగొంతు వినపడుతుందట. పెద్దగా, స్పష్టంగా ఏదో చెబుతూ... ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఆగినప్పుడల్లా పక్కనుంచి ఇంకెవరో గుసగుసగా తర్వాతి మాట అందిస్తారట. ఆ రెండో గొంతు విన్నవాళ్ళు మంచం పడతారని చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడంటే పరుపుల గోడౌన్ గానీ, అసలు దాన్ని కట్టింది నాటకాల కోసం. నాటకాలు పోయాక తెర కట్టి సినిమాలు వేశారు. జనం అటు రావడం మానేశాక కుర్చీలు పీకేసి పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చారు. అదీ మూలపడ్డాక పరుపులు వచ్చి చేరాయి. ఎన్ని చేతులు మారినా తాళాలు మాత్రం ఒకాయన దగ్గరే ఉండేవి. అందరికీ ఆయన తాళాల తాత. సినిమా రోజుల్లో టికెట్లు చింపాడు, పెళ్ళిళ్ళప్పుడు కార్లు సర్దించాడు, ఇప్పుడు తలుపులు వేస్తున్నాడు. కాపురం వెనక గదిలోనే. భార్య మంచంలో ఉందనేవాడు, ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు.

పొద్దు వాలితే చాలు, కుట్టుపనివాళ్ళని ఆయనే కదిలించేవాడు. ఆ గొంతు లేచే వేళయిందని, ఇక బయల్దేరమని.

ఆ కుట్టుపనివాళ్ళలో భర్త పోయినావిడ ఒకామె ఉండేది. ఆమెకి దెయ్యమంటే భయం లేదని కాదు. ఖాళీ ఇంటి తాళం తీయడమంటే అంతకన్నా భయం. ఎలాగోలా పని పొడిగించుకునేది.

గోడౌన్ అమ్ముడుపోయింది. మర్నాడు సరుకంతా ఎత్తేస్తారు, ఆ తర్వాత పడగొట్టేస్తారు. ఆ సాయంత్రం ఆఖరి పరుపు అంచు కుట్టేసి, నడుం వాల్చి వెళదామని ఆమె దొంతర వెనక ఒరిగింది. అలాగే కన్నంటుకుపోయింది.

మెలకువ వచ్చేసరికి... దొంతర వెనకంతా చీకటి. తలుపులు వేసేసి ఉన్నాయి.

అప్పుడు వినపడింది.

"ఎవరి కోసం ఈ దీపం ఆరిపోకుండా కాచానో, వాళ్ళు రాలేదు. వచ్చింది..."

గొంతు ఆగింది. పక్కనుంచి, ఊపిరంత సన్నగా —

"వచ్చింది చీకటి."

"వచ్చింది చీకటి!" అంది ఆడగొంతు, హాలంతా మోగేలా.

ఆమె దొంతర మీదుగా తొంగి చూసింది. పాత స్టేజీ మీద ఒక్కటే బల్బు. దాని కింద వెలిసిపోయిన పట్టుచీరలో ఒక ముసలావిడ, చెయ్యెత్తి నిలబడి ఉంది. నీడ పడుతోంది... మనిషే. ఇంకాస్త ముందుకు వంగేసరికి పరుపు మీది ప్లాస్టిక్ కవరు కరకరలాడింది.

పక్కతెర చాటునుంచి తాళాల తాత బయటికొచ్చాడు. కోప్పడలేదు. పెదవుల మీద వేలుంచుకుని, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. ఆవిడ తన భార్య, ఒకప్పుడు ఈ స్టేజీ మీద నాయిక. తను తెర చాటున నిలబడి మాటలు అందించేవాడు. ఇప్పుడు ఆవిడకి సొంత పేరే గుర్తులేదు. జనం చూసి నవ్వుతారని ఆ దెయ్యం కథని పుట్టించింది కూడా తనేనట.

"ఇంట్లో నేనెవరో తెలీదమ్మా దానికి. నోరు తెరవదు. ఇక్కడ నిలబెడితే మాత్రం, నేను అందించిన మాట అందుకుంటుంది. ఇదే మా కాపురం."

"రేపట్నుంచి ఎక్కడికి తీసుకెళ్తావు తాతా?"

ఆయన పరుపు మీది కవరు పక్కకి తప్పించాడు. ఇవాళైనా వినడానికో మనిషి దొరికింది, కూర్చోమన్నాడు. మళ్ళీ తెర చాటుకి వెళ్ళిపోయాడు.

ఆమె పరుపు మీద కూర్చుంది. ముసలావిడ చెబుతూనే ఉంది. ఆగింది... గుసగుస వచ్చింది. మళ్ళీ ఆగింది... వచ్చింది గానీ, ఈసారి బాగా సన్నగా. మళ్ళీ ఆగింది.

ఏమీ రాలేదు.

తాతకి ఏడుపుతో గొంతు పూడుకుపోయిందేమో అనుకుందామె. ముసలావిడ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఇక ఉండబట్టలేక లేచి తెర చాటుకి వెళ్ళింది.

తాత గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకి వాలిపోయింది. పిలిచింది. భుజం పట్టుకుని కదిపింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు. ఇంట్లో ఒకసారి చూసిందే కాబట్టి, ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అవతల బల్బు కింద ముసలావిడ ఎదురుచూస్తోంది. ఆ తర్వాతి మాట ఏమిటో తెలిసినవాడు పోయాడు. ఆమె ఆయన పక్కనే చతికిలబడి, స్టేజీ వైపు తిరిగింది.

"ఇంటికి పోదాం రా..." అంది, గుసగుసగా.

ముసలావిడ మొహం విప్పారింది. మాట అందుకుంది.

"ఇంటికి పోదాం రా!" అంది, ఆఖరి వరసదాకా వినపడేలా, ఆ చీకట్లోకి చెయ్యి చాచి.

తర్వాత, తర్వాతి మాట కోసం, చెవి మెల్లగా తెర వైపు తిప్పింది.