పూల గీతల్లో చిలుము

"సాయంత్రం గురువుగారి ఇంట్లోవాళ్ళు పోలీస్ స్టేషన్‌కి వెళ్తారట మేడమ్. కేసు పడిందంటే నా ఉద్యోగం పోయినట్టే."

ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, కోచింగ్ సెంటర్ పైనున్న ఇరుకు ఆఫీసులో విష్ణు కుర్చీ అంచున కూర్చున్నాడు. అర్ధసైనిక దళం బ్యాండులో ట్రంపెట్ వాయించడానికి ఎంపికయ్యాడు. ఇక పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది.

ప్రైవేటు డిటెక్టివ్ జానకీదేవి అతన్ని తొందరపెట్టలేదు. ఆమె సహాయకురాలు గౌరి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

అతని గురువు సదాశివరావు రిటైరైన బ్యాండు మాస్టరు. చనిపోయే ముందు తన పాత ఇత్తడి ట్రంపెట్‌ను విష్ణుకిచ్చాడు. ఇచ్చినట్టు సాక్షి లేడు. మొన్న మాసికం నాడు ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి, రెండు రోజులు ఆయన ఫోటో దగ్గర ఉంచమని అడిగితే విష్ణు గుడ్డలో చుట్టి ఇచ్చి వచ్చాడు. ఈ ఉదయం తెచ్చుకోవడానికి వెళ్తే అది తళతళా మెరుస్తోంది. దాని మీద గురువుగారి కొడుకు జశ్వంత్ పేరుంది. దొంగిలించి, ఆ పేరు చెరపడానికే వార్నిష్ పూతంతా ఊడగొట్టావని గురువుగారి తమ్ముడు నిలదీశాడు.

"నువ్విచ్చినప్పుడు ఎలా ఉంది?"

"నల్లగా ఉంది మేడమ్. పాత వార్నిష్ పూత అక్కడక్కడా లేచిపోయి, కింద చిలుము పట్టి... పేరు మాత్రం లేదు. కసమ్ సే, ఒట్టు!"

జానకీదేవి లేచి శాలువా కప్పుకుంది. ముగ్గురూ బయల్దేరారు.

జనక్‌పురిలో గురువుగారి ఇంటి తలుపు తీసిన మనిషి సదాశివరావు తమ్ముడు భీమేశ్వరరావు. నిన్న రాత్రే హైదరాబాదు నుంచి దిగాడు.

"డిటెక్టివ్‌ని కూడా తెచ్చుకున్నావురా? అచ్ఛా! లాకప్‌లో బాగా వాయించుకుందువుగాని!"

"మీ అన్నగారి వస్తువు ఒకసారి చూపిస్తారా?" అంది జానకీదేవి.

ట్రంపెట్ బల్ల మీదికి వచ్చింది. గరాటాలాంటి దాని నోటి చుట్టూ చెక్కిన పూల తీగ ఉంది. ఆ గీతల అడుగున నల్లటి చిలుము, దాని మీద పసుపుపచ్చని పాత పూత ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. పక్కనే తెలుగులో పేరు. ఆ అక్షరాలు మాత్రం అడుగుదాకా మెరుస్తున్నాయి.

"ఇది ఎప్పటి పేరండీ?"

"మా జశ్వంత్ పుట్టిన ఏడాదే ఆయన చెక్కించారు," అంది అన్నపూర్ణేశ్వరి తల దించుకునే.

"జశ్వంత్, కాస్త చదివి పెడతారా?"

గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే జశ్వంత్ భుజాలెగరేశాడు. "నా పేరేనట. బాబాయ్ చెప్పాడు. నాకు తెలుగు చదవడం రాదండీ."

గౌరి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళింది. సింకు కింద మాసికానికి వాడిన పెద్ద అల్యూమినియం గుండిగ బోర్లించి ఉంది. తిప్పి చూసింది. లోపల సగం ఎత్తు దాకా నల్లబడింది. అంచున ఉల్లిపొరల్లాంటి పసుపు పెచ్చులు అతుక్కున్నాయి. ఒక పెచ్చును కొంగున వేసుకుని వచ్చి జానకీదేవి అరచేతిలో పెట్టింది.

"అందరూ కూర్చోండి," అంది జానకీదేవి.

మిగతావాళ్ళు కూర్చున్నారు. భీమేశ్వరరావు మాత్రం నిలబడే ఉన్నాడు.

"పాతికేళ్ళ నాటి పేరైతే ఈ పూల గీతల్లాగే అక్షరాల్లోనూ చిలుము, పూత ఉండాలి. లేవు. అంటే ముందు పూత ఊడింది, తరవాత పేరు పడింది. విష్ణు దొంగే అయితే ఇంకొకరి పేరు కొత్తగా ఎందుకు చెక్కిస్తాడు?"

"మరి ఎవరు?" అన్నాడు భీమేశ్వరరావు. గొంతు తగ్గింది.

"ఇత్తడి తోమే చింతపండు ఈ పూత మీద పనిచెయ్యదు. బట్టల సోడా వేసి మరిగిస్తే పొరలుగా లేస్తుంది. ఆ సోడాకే అల్యూమినియం గుండిగ నల్లబడింది. ఇదిగో, దాని అంచున దొరికిన పూత. అంటే ఈ పని ఈ వంటింట్లోనే జరిగింది. మీరు నిన్న రాత్రే వచ్చారు. జశ్వంత్ తనకు చదవడం రాని భాషలో పేరెందుకు చెక్కించుకుంటాడు? గిన్నెల మీద పేర్లు వేయించినట్టు వేయించిన చెయ్యి ఒక్కటే మిగిలింది."

అన్నపూర్ణేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవును, నేనే," అంది చివరికి. "పన్నెండేళ్ళు ఈ పిల్లాడికే నేర్పారు. కన్నకొడుకు చేతిలో ఒక్కనాడైనా పెట్టారా? ఒక్క వస్తువైనా వాడిదై ఉండాలనుకున్నాను. పోలీసుల దాకా వస్తుందనుకోలేదు."

"అమ్మా!" జశ్వంత్ మొహం పాలిపోయింది. "నాన్న ముందు నాకే ఇచ్చారు. నేనే వద్దన్నాను. స్కూల్లో బ్యాండ్‌వాలా కొడుకు అని నవ్వేవారు. నీకు చెప్పొద్దని నాన్నతో ఒట్టేయించుకున్నాను."

భీమేశ్వరరావు కుర్చీలో కూలబడ్డాడు. అన్నపూర్ణేశ్వరి ట్రంపెట్‌ను రెండు చేతులా ఎత్తి విష్ణుకిచ్చింది.

"ఆ పేరు అరగదీయించుకో నాయనా."

"వద్దు ఆంటీ. ఎవరైనా అడిగితే మా గురువుగారి అబ్బాయి పేరని చెబుతాను."

జశ్వంత్ తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు.