సగం బలం మిగిల్చిన పిసినారి

డిజైన్లు తనిఖీ చేసే ఇంజనీరును చంపినవాడు బల్ల మీది కాఫీ కూడా ఒలకనివ్వలేదు. మెడ మీద సన్నటి సూదిపోటు, అంతే.

“గుండెపోటని రాసేశారు,” అన్నాడు చీఫ్. “ఆయన ఒప్పుకోని డిజైన్ మీద మర్నాడే సంతకం పడింది. ఆసుపత్రి కొత్త భవనం శ్లాబు. ఈ రోజే కాంక్రీటు పోస్తున్నారు. వెళ్లు.”

“కారణం?”

“అది తెలిస్తే నీతో పనేంటి?”

ఏజెంట్ మేకు పళ్లు నూరాడు. ఆ ఆసుపత్రిలో అతని అక్క నర్సు. ఆమె వార్డు ఆ శ్లాబు మీదే రాబోతోంది. చీఫ్‌కి ఆ సంగతి తెలుసు, తెలిసే పంపుతున్నాడు.

సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో, పసుపు హెల్మెట్‌తో సైట్‌లో దిగాడు. చూడగానే కాంట్రాక్టరు భగ్గుమన్నాడు. “పంపు రెడీ, లారీలు రెడీ. ఇప్పుడా వచ్చేది? అడ్డం తప్పుకో!”

సైట్ ఆఫీసులో ఏజెంట్ నెమలి కూర్చుని ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మిన విదేశీ కంపెనీలో చీఫ్ పెట్టిన మనిషి. ఖరీదైన సెంటు, చూసినవాడు తల తిప్పుకోలేని అందం.

“ఇసుక తడిగా ఉంది,” అన్నాడు మేకు.

“ఎండకి ఆరుతుంది.” కోడ్ సరిపోయింది. “నీ టైమ్ వేస్ట్. సాఫ్ట్‌వేర్ లక్షల డిజైన్లు వేసి చూసింది. రూల్స్ దాటకుండా అతి తక్కువ ఇనుము, కాంక్రీటు పట్టేదాన్ని ఎంచింది. చూస్కో.”

స్క్రీన్ చూశాడు. ప్రతిచోటా బలం అవసరానికి సరిగ్గా అంతే, పిసరు ఎక్కువ లేదు. స్తంభాల తలలు శ్లాబును తాకే చోట మాత్రం సగానికి సగం మిగులు.

మేకుకి ఒళ్లు మండింది. ఎక్కడా చిటికెడు వదలని పిసినారి సాఫ్ట్‌వేర్ ఇక్కడ సగం ఎందుకు వదిలేసింది? క్యాలిక్యులేటర్ తీసి బరువు, శ్లాబు మందం కొట్టాడు. మిగులు కాదు, లోటు. వార్డు నిండిన రోజున స్తంభం శ్లాబును పొడుచుకుని పైకొచ్చేస్తుంది, అక్కతో సహా అందరూ కింద పడతారు. ఎవరో స్తంభం శ్లాబును పొడవకుండా చూసే రూలే పీకేసి, నమ్మించడానికి పెద్ద మిగులు అంకె అతికించారు.

“దొంగలెక్కైనా పిసినారిలా రాయాలి కదే,” అన్నాడు. “ఈ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి పెట్టగలిగేది నువ్వే. ఎవరికి అమ్ముడుపోయావ్?”

“ఎక్కువ ఇచ్చినవాళ్లకి.”

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ తుపాకీలా పేలింది. హెల్మెట్ లోపల ఉక్కు రేకు ఉంది కాబట్టి తల మిగిలింది, చెవులు గింగురుమన్నాయి. బల్లను ఆమె మీదికి తోసి మెట్లవైపు పరిగెత్తాడు. పైన పంపు గొట్టం అప్పటికే గురగురలాడుతోంది. ఆపరేటరు నడుముకున్న రిమోట్ మీద ఎర్ర బటన్ గుద్దాడు. గొట్టం మూతి దాకా వచ్చిన కాంక్రీటు అక్కడే ఆగింది. ఒక్క ముద్ద మాత్రం ఊచల మీద రాలింది.

నెమలిని గేటు దగ్గర కాపుకాసిన చీఫ్ మనుషులు పట్టుకున్నారు. మేకుకి భయం ఇప్పుడు తెలిసొచ్చింది. అక్కకి ఫోన్ చేసి, తిన్నావా అని మాత్రం అడిగి పెట్టేశాడు.

కాంట్రాక్టరు ఊగిపోతూ మీదికొచ్చాడు. “లారీల్లో కాంక్రీటంతా రాయైపోతోంది! నీ మీద కేసు పెడతా!”

“పెట్టుకో,” అన్నాడు మేకు, హెల్మెట్ సొట్ట తడుముకుంటూ. “ఆ వార్డులో పడుకోబోయేవాళ్లంతా నా తరఫున సాక్ష్యం చెప్తారు. బతికే ఉంటారుగా.”