గాజుతొట్టిలో రాకుమారి

పిల్లలూ, రత్నకూట రాజ్యంలో ఒక వేసవి అంతా ఎవరి మొహంలోనూ నవ్వన్నది లేదు. తనను పెళ్లాడనన్నదని ఘోరకంఠుడనే రాక్షసుడు రాకుమారి కువలయను వెండి చేపగా మార్చేశాడు. "ఒకే తొట్టిలో మొక్క వాడకుండా, నీరు మురగకుండా ఇరవై ఒక్క రోజులు బతికితేనే నువ్వు మళ్లీ మనిషివి!" అని మాయమయ్యాడు.

రాజు వీరసేనుడు పెద్ద గాజుతొట్టిలో మన్ను పరపించి, నీటిమొక్కలు నాటించి, చేపను అందులో వదిలాడు. నాలుగు రోజులకే నీళ్లు కంపు కొట్టాయి. కోటకు గొట్టాలు వేసే ఓబయ్య ఆ నీళ్లన్నీ తోడేసి కొత్తవి నింపాడు. మొక్కల వేళ్లు లేచిపోయాయి. చేప కొన ఊపిరితో పక్కకు ఒరిగి తేలింది. రాజు మండిపడి ఓబయ్యను చెరసాలలో వేయించాడు.

ఓబయ్య కూతురు నాంచారి కటకటాల దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, నీళ్లు మార్చకుండా మురికి ఎట్లా పోతుంది?"

"నాకే తెలిస్తే ఇక్కడెందుకుంటానమ్మా? ఊటకొండ మీది మునిని అడుగు."

రెండు రోజులు అడవిలో నడిచి నాంచారి ఊటకొండ చేరింది. ముని ఆమె మాట విని, ఊటలోంచి చిల్లుల రాయి ఒకటి తీసి చూపించాడు. "తల్లీ, ఈ చిల్లుల్లో కంటికి కనబడని ప్రాణులున్నాయి. మురికిని తిని, మొక్కలకు ఎరువు చేస్తాయి. నీళ్లు ఈ రాళ్ల మీదుగా తిరుగుతూ ఉండాలి. తడి ఆరిందా, అవి చచ్చిపోతాయి."

రాళ్లను నీళ్లకుండలో వేసుకుని ఆమె బయలుదేరింది. అడవి దాటగానే ఘోరకంఠుడు ఎదురై, ఒక్క ఊపిరితో వాగులన్నీ ఎండగొట్టాడు.

"దాహంతో చస్తావే పిల్లా! కుండలోవి తాగు!"

"తాగితే వీటికేం మిగులుతుంది?"

ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. చింతచిగురు నములుతూ నడిచింది. "ఒక్క గుక్కే" అంటూ రాక్షసుడు పక్కనే నడిచాడు. ఎంత ఊరించినా కోట చేరేదాకా ఆమె కుండ వంచలేదు.

లేచిపోయిన మొక్కలను మళ్లీ నాటి, తొట్టి అంచున వెదురుగొట్టం బిగించి, కీళ్లకు లక్క పూసింది. నీళ్లు ఇసుక కుండలోంచి రాళ్ల కుండలోకి దిగేవి. అక్కడినుంచి దాసీలు తిప్పే నీళ్లు తోడే రాట్నం వాటిని తిరిగి తొట్టిలో పోసేది.

మూడోనాడు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. చేప కనబడలేదు. "విషం కలిపావా? పారబోయండి!" అని రాజు అరిచాడు.

నాంచారి తొట్టికి అడ్డం నిలబడింది. "మహారాజా, మా అయ్య చేసిన పొరపాటే మీరూ చేయకండి. ఆ ప్రాణులు ఇంకా కుదురుకోలేదు. రేపటిదాకా ఆగండి. తేటపడకపోతే నన్నూ చెరలో వేయండి."

రేపు తేటపడుతుందో లేదో ఆమెకూ తెలియదు. రాజు తొట్టి పక్కనే కూలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నానికి తెలుపు విడిపోయి నీళ్లు తేటపడ్డాయి. కొత్త చిగుళ్ల మధ్య వెండి తోక మెరిసింది.

నీళ్లు తేటపడ్డ రోజునుంచి లెక్కిస్తే ఇరవై ఒకటోనాడు కువలయ తడి జుట్టుతో తొట్టిలోంచి లేచి తండ్రిని కావలించుకుంది. రాజు తానే వెళ్లి చెరసాల తలుపు తీసి, ఓబయ్యను క్షమాపణ అడిగాడు. రాజ్యంలోని నీటి పనులన్నిటికీ నాంచారిని అధికారిణిని చేశాడు.

ఓబయ్య మాత్రం తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లి, గొట్టం కీళ్లన్నీ వేలితో తడిమి చూశాడు.

"ఒక్క చుక్కైనా కారడం లేదే!" అని కూతురి వైపు తిరిగాడు. అతని కళ్లే కారుతున్నాయి.